రేట్లు కూడిన మాస్టారు

ఫెర్రిక్ అయాను ఒక ఎలక్ట్రాన్ తీసుకుని ఫెర్రస్ అయితే ప్రామాణిక పొటెన్షియల్ 0.77 వోల్టులు. ఆ ఫెర్రస్ ఇంకో రెండు ఎలక్ట్రాన్లు తీసుకుని ఇనుము అయితే మైనస్ 0.44. మరి ఫెర్రిక్ నుంచి నేరుగా ఇనుముకు వస్తే ఎంత? రెండూ కూడితే 0.33. ఇంటర్ రెండో సంవత్సరం పిల్లలకు ఏళ్ల తరబడి నేను బోర్డు మీద ఈ 0.33నే రాసి, కింద రెండు గీతలు గీసి, "రాసుకోండి" అన్నాను. సరైన జవాబు మైనస్ 0.04. అంకె తప్పడం ఒక ఎత్తు, గుర్తే తిరగబడడం ఇంకో ఎత్తు.

ఈ తప్పు చేయకుండా కాపాడే పాఠం నాకు తెలియక కాదు. దాన్ని మొదటి సంవత్సరంలో నేనే చెప్పేవాణ్ని. "ఎక్స్‌టెన్సివ్, ఇంటెన్సివ్ ధర్మాలంటే ఏమిటి? ఉదాహరణలివ్వండి." రెండు మార్కుల ప్రశ్న. వ్యవస్థను సగానికి కోస్తే సగమయ్యేవి ఎక్స్‌టెన్సివ్: ద్రవ్యరాశి, ఘనపరిమాణం, అంతర్గత శక్తి, ఎంథాల్పీ, ఎంట్రోపీ, గిబ్స్ స్వేచ్ఛాశక్తి. కోసినా మారనివి ఇంటెన్సివ్: ఉష్ణోగ్రత, పీడనం, సాంద్రత, గాఢత, సెల్ పొటెన్షియల్. ఈ జాబితాను పిల్లలు నిద్రలో లేపి అడిగినా చెప్పేలా బట్టీ పట్టించేవాణ్ని. రెండు మార్కులు ఖాయం. ఆ తర్వాత నోట్సు మూసేసేవాళ్లం. వాళ్లూ, నేనూ.

రెండో సంవత్సరంలో విద్యుత్ రసాయన శాస్త్రం మొదలయ్యేసరికి ఆ జాబితా ఎవరికీ గుర్తుండేది కాదు. గుర్తున్నా దాంతో పని ఏముంటుందని నేనే అనుకున్నాను.

బయటపెట్టింది ఒక అమ్మాయి. క్లాసు అయ్యాక నోట్సు పట్టుకుని వచ్చింది.

"సార్, ఇనుముకు చేసినట్టే రాగికి చేసి చూశాను. పుస్తకంలో ఉన్న విలువతో కుదరట్లేదు."

చూపించింది. క్యూప్రిక్ నుంచి క్యూప్రస్‌కు 0.16, క్యూప్రస్ నుంచి రాగికి 0.52. కూడితే 0.68. వెనక పట్టికలో క్యూప్రిక్ నుంచి రాగికి 0.34 అని ఉంది.

"అవి ప్రయోగ విలువలమ్మా, కాస్త అటూ ఇటూ ఉంటాయి" అన్నాను.

"కాస్త కాదు సార్, సరిగ్గా సగం వస్తోంది."

నాకు తోచలేదు. తోచనప్పుడు చాలామంది లెక్చరర్లు ఏం చేస్తారో నేనూ అదే చేశాను. "పరీక్షలో ఇది అడగరు, ముందు నెర్న్‌స్ట్ సమీకరణం లెక్కలు పూర్తి చెయ్యి" అని పంపించేశాను. నా ఉద్యోగ జీవితంలో లెక్క తప్పినందుకంటే ఈ మాట అన్నందుకే నేను ఎక్కువ సిగ్గుపడతాను. ఆ అమ్మాయి చెప్పినదాంట్లోనే జవాబు ఉంది. రెండు అంకెల మొత్తంలో సరిగ్గా సగం అంటే ఏమిటి? సగటు. అంత తేటగా కనిపిస్తున్నదాన్ని ప్రయోగ దోషం అని కొట్టిపారేశాను.

స్టాఫ్ రూంలో ఫిజిక్సు మాస్టారి ముందు కాగితం పెట్టాను. ఆయన నవ్వలేదు కానీ, నవ్వినంత పని చేశారు.

"వోల్టంటే ఏమిటి మాస్టారూ? కూలుంబుకు ఇన్ని జౌళ్లని కదా. అంటే అది రేటు. రేట్లను ఎవరైనా కూడతారా?"

అంతే. కిలో 60 రూపాయల బియ్యం ఒక కిలో, కిలో 150 రూపాయల కందిపప్పు రెండు కిలోలు కొన్నామనుకోండి. 60కి 150 కలిపి, సరుకు కిలో 210 పడిందని ఎవరూ అనరు. బిల్లులు కూడతాం: 60, 300, మొత్తం 360. మూడు కిలోల మీద పంచితే కిలోకు 120. రేటు ఇంటెన్సివ్, బిల్లు ఎక్స్‌టెన్సివ్. స్వేచ్ఛాశక్తి బిల్లు, పొటెన్షియల్ రేటు, ఎన్ని ఎలక్ట్రాన్లు అన్నది తూకం.

ఇక ఇనుము లెక్క మళ్లీ చూడండి. మొదటి మెట్టులో ఒక ఎలక్ట్రాన్, రేటు 0.77. బిల్లు 0.77. రెండో మెట్టులో రెండు ఎలక్ట్రాన్లు, రేటు మైనస్ 0.44. బిల్లు మైనస్ 0.88. మొత్తం మైనస్ 0.11. మూడు ఎలక్ట్రాన్లకు పంచితే మైనస్ 0.037. పట్టికలో ఉన్న విలువ అదే. రాగికి రెండు మెట్లలోనూ ఒక్కొక్క ఎలక్ట్రానే కాబట్టి మామూలు సగటు చాలు: 0.68లో సగం 0.34. ఆ అమ్మాయి లెక్కలో సగం రావడానికి కారణం అదే.

నా 0.33 ఎంత పెద్ద తప్పో అప్పటికి గాని తెలియలేదు. మూడు ఎలక్ట్రాన్లు, ఒక్కొక్కటి 0.33 చొప్పున అంటే, ఫెర్రిక్ నుంచి ఇనుముకు వచ్చేటప్పుడు 0.99 చేతికి రావాలి. నిజానికి 0.11 మనమే ఖర్చు పెట్టాలి. తేడా 1.10. దీన్ని 96,485 కూలుంబుల ఫారడేతో గుణిస్తే మోల్‌కు 106 కిలోజౌళ్లు. అంటే ఒక దారిలో వెళ్లి ఇంకో దారిలో వెనక్కి వస్తే, మొదలెట్టిన చోటే నిలబడి ప్రతి మోల్ ఇనుముకూ 106 కిలోజౌళ్లు ఊరికే సంపాదించవచ్చని నేను ఏళ్లపాటు బోధించానన్నమాట. శక్తిని సృష్టించలేమని మొదటి సంవత్సరంలో చెప్పింది కూడా నేనే.

ఇన్నేళ్లు ఎందుకు దొరకలేదు? నాకు తట్టిన కారణం డేనియల్ సెల్. రాగి 0.34, జింకు మైనస్ 0.76. ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తే 1.10 వోల్టులు. సరైన జవాబు. సెల్ లెక్కలన్నింటిలోనూ పొటెన్షియళ్లను నేరుగా కూడతాం, తీసేస్తాం, జవాబు సరిగ్గా వస్తుంది. ఎందుకంటే అక్కడ ఒక ఎలక్ట్రోడ్ వదిలిన ఎలక్ట్రాన్లనే రెండోది తీసుకుంటుంది, రెండు వైపులా తూకం సమానం. బిల్లులు కూడి అదే తూకంతో భాగిస్తే రేట్లు కూడినట్టే కనిపిస్తుంది. నేను మధ్య మెట్టు మరిచి చివరి మెట్టు అలవాటు చేసుకున్నాను. ఎలక్ట్రాన్లు చివరికి మిగిలిపోయే అర్ధ చర్యల దగ్గర ఆ అలవాటు ముంచింది. సరైన జవాబు ఇచ్చే అడ్డదారిని అనుమానించడం చాలా కష్టం.

మర్నాడు క్లాసులో రెండు లెక్కలూ బోర్డు మీద రాశాను. పాతది తప్పని, తప్పు పట్టింది ఎవరో కూడా చెప్పాను. ఆ బ్యాచికి అలా సరిదిద్దాను. అంతకు ముందు బ్యాచిల వాళ్లకు చెప్పే దారి లేదు. వాళ్లలో కొందరు ఇప్పుడు పాఠాలు చెబుతున్నారు.

ఇక్కడితో ఆగితే ఒక్క లెక్కలో తప్పని సరిపెట్టుకునేవాణ్ని. కానీ ఆ కళ్లతో వెనక్కి చూస్తే ఇంకా కనిపించాయి.

ఒకసారి జవాబు పత్రాలు దిద్దుతున్నాను. అమ్మోనియా తయారీ చర్యకు 298 కెల్విన్ దగ్గర ప్రామాణిక గిబ్స్ స్వేచ్ఛాశక్తి మార్పు అడిగాం. మా కీలో ఉన్న జవాబు మోల్‌కు మైనస్ 32.9 కిలోజౌళ్లు. ఒక కుర్రాడు సమీకరణాన్ని సగం చేసి రాసుకున్నాడు: అర మోల్ నైట్రోజన్, ఒకటిన్నర మోళ్ల హైడ్రోజన్, ఒక మోల్ అమ్మోనియా. జవాబు మైనస్ 16.45. నేను అడ్డంగా కొట్టేసి సున్నా వేశాను. కీలో లేదు కదా!

వాడి జవాబు కూడా సరైనదే. 'మోల్‌కు' అని రాస్తాం కానీ, దేని మోల్‌కు? నైట్రోజన్‌కా, అమ్మోనియాకా? రెండూ కాదు. రాసిన సమీకరణం రాసినట్టుగా ఒకసారి జరిగితే అని దాని అర్థం. సమీకరణం రెట్టింపు చేసి రాస్తే ఆ విలువ రెట్టింపు, సగం చేస్తే సగం. సమతాస్థితి స్థిరాంకం మాత్రం రెట్టింపు కాదు, వర్గమవుతుంది. కీలోని సమీకరణానికి అది సుమారు 5.8 లక్షలు. కుర్రాడి సమీకరణానికి దాని వర్గమూలం, సుమారు 760. రెండూ ఒకే వాయు మిశ్రమం గురించి చెబుతున్నాయి. సమీకరణం పక్కన లేకుండా ఆ అంకెకు అర్థమే లేదు. ఆ సంగతి కుర్రాడికి తెలుసు, సమీకరణం రాసి మరీ జవాబు రాశాడు. తెలియనిది నాకు.

డేనియల్ సెల్‌నే రెట్టింపు చేసి రాయండి. స్వేచ్ఛాశక్తి మార్పు మైనస్ 212 కిలోజౌళ్ల నుంచి మైనస్ 424 అవుతుంది. పొటెన్షియల్ 1.10 నుంచి కదలదు. ఎలక్ట్రాన్లూ రెట్టింపయ్యాయి కాబట్టి రేటు అలాగే ఉంటుంది. సమీకరణాన్ని మూడుతో గుణించి, దాంతోపాటు పొటెన్షియల్‌నూ మూడుతో గుణించే పిల్లలు ప్రతి క్లాసులో ఉంటారు. వాళ్లను తిట్టడం మానేశాను. ఆ జబ్బు నాకూ ఉండేది.

ఈ సంగతి అర్థమయ్యాక క్లాసులో ఉత్సాహంగా "పొటెన్షియల్ ఎప్పుడూ కూడకూడదు" అని ఒక సూత్రం చెప్పేశాను. వెనక బెంచీ నుంచి వెంటనే ప్రశ్న: "మరి మా ఇంట్లో ఇన్వర్టర్ బ్యాటరీలో ఆరు సెల్స్ కలిపితేనే కదా సార్ పన్నెండు వోల్టులు?"

ఈసారి పంపించేయలేదు. బ్యాటరీ మీద రాసి ఉండేవి రెండే అంకెలు: 12 వోల్టులు, 150 ఆంపియర్ అవర్లు. మొదటిది రేటు, రెండోది తూకం. రెండూ గుణిస్తే 1,800 వాట్ అవర్లు, అంటే కరెంటు బిల్లు భాషలో 1.8 యూనిట్లు. స్కూటర్ బ్యాటరీ కూడా 12 వోల్టులే, దానిలో తూకం తక్కువ. లోపల రెండేసి వోల్టుల సెల్స్ ఆరు వరసగా కట్టారు. వరసలో కడితే అదే ఎలక్ట్రాన్ ఆరు సెల్స్‌లోంచీ వెళ్లాలి, ఒక్కో దాంట్లో రెండు వోల్టులు ఎక్కుతుంది. రేట్లు కలుస్తాయి, తూకం ఒక సెల్‌దే మిగులుతుంది. అవే ఆరింటిని పక్కపక్కన సమాంతరంగా కడితే వోల్టేజి రెండు దగ్గరే ఉంటుంది, తూకం ఆరు రెట్లవుతుంది. ఎలా కట్టినా మొత్తం శక్తి మాత్రం ఆరు రెట్లే.

ఇంటెన్సివ్ అన్న మాటకు హద్దు ఇక్కడే దొరికింది. ఒకే స్థితిలో ఉన్న పదార్థాన్ని మరికొంత తెచ్చి పక్కన చేరిస్తే మారనిది ఇంటెన్సివ్. సమాంతరంగా కట్టడం అలాంటి చేర్పు. వరసగా కట్టడం వేరే యంత్రాన్ని తయారు చేయడం. నేను చెప్పిన "ఎప్పుడూ" అన్న మాట కొట్టేయించాను.

అన్నింటికంటే ఎక్కువ మందిని తప్పుదారి పట్టించిన వాక్యం ఇంకొకటుంది: "సమతాస్థితి దగ్గర స్వేచ్ఛాశక్తి సున్నా." ఇది నా నోటి నుంచి ఎన్నిసార్లు వచ్చిందో చెప్పలేను. స్వేచ్ఛాశక్తి సున్నా కాదు, కనిష్ఠం. సున్నా అయ్యేది దాని వాలు: చర్య ఇంకొంచెం ముందుకో వెనక్కో జరిగితే స్వేచ్ఛాశక్తి ఎంత మారుతుందన్న రేటు. మొత్తం స్వేచ్ఛాశక్తి ఎక్స్‌టెన్సివ్, వాలు ఇంటెన్సివ్. రెండింటికీ ఒకే గుర్తు వాడి, ఒకే పేరుతో పిలిచి, పిల్లల్ని గందరగోళంలో పడేశాను.

ఈ తేడా ఎంత ముఖ్యమో ఏటీపీని చూస్తే తెలుస్తుంది. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, సైరస్ ఫిస్క్‌తో కలిసి 1929లో హార్వర్డ్‌లో గుర్తించిన అణువు. అదే సంవత్సరం జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా దాన్ని కనుక్కున్నాడు. ఏటీపీ నీటితో చర్య జరిపి ఏడీపీ, ఫాస్ఫేట్‌గా విడిపోతే ప్రామాణిక మార్పు మోల్‌కు మైనస్ 30.5 కిలోజౌళ్లు. "ఏటీపీలో ఇంత శక్తి దాచి ఉంటుంది" అని చెప్పేవాణ్ని, సీసాలో నూనె ఉన్నట్టు. కానీ బతికున్న కణంలో అసలు మార్పు మైనస్ 50 దగ్గర ఉంటుంది. కణం ఎప్పటికప్పుడు ఏటీపీని తయారు చేస్తూ, ఏడీపీతో పోలిస్తే దాని నిష్పత్తిని సమతాస్థితికి చాలా దూరంగా నిలబెడుతుంది కాబట్టి. అదే ఏటీపీ, ఏడీపీ, ఫాస్ఫేట్‌లను సమతాస్థితికి రానిస్తే, కిలోలకొద్దీ మిశ్రమం ముందున్నా దాంతో చిన్న పని కూడా చేయించలేం. పదార్థం ఎంతుందన్నది ఒక ప్రశ్న, అది సమతాస్థితికి ఎంత దూరంలో ఉందన్నది మరో ప్రశ్న.

చార్జింగ్ అయిపోయిన బ్యాటరీదీ ఇదే కథ. దాని బరువేమీ తగ్గదు. లోపలి రసాయనాలు ఎక్కడికీ పోవు, రూపం మార్చుకుని అక్కడే ఉంటాయి. దిగజారింది వాలు.

ఇదంతా జె. విల్లర్డ్ గిబ్స్ 1876, 1878 సంవత్సరాల్లో రెండు భాగాలుగా అచ్చువేసిన పరిశోధన వ్యాసంలోనే ఉంది. యేల్‌లో పనిచేసిన ఆయన దాన్ని కనెక్టికట్ అకాడమీ పత్రికలో ప్రచురించాడు. అప్పట్లో చదివినవాళ్లు తక్కువ. 1892లో రసాయన శాస్త్రవేత్త విల్‌హెల్మ్ ఆస్ట్వాల్డ్ జర్మన్‌లోకి తెచ్చాక ఐరోపాలో బాగా వ్యాపించింది. శక్తికి సంబంధించిన ప్రతి పదం అందులో జంటగా వస్తుంది: ఉష్ణోగ్రతతో ఎంట్రోపీ, పీడనంతో ఘనపరిమాణం, రసాయన పొటెన్షియల్‌తో మోళ్ల సంఖ్య. ప్రతి జంటలో ఒకటి ఇంటెన్సివ్, ఒకటి ఎక్స్‌టెన్సివ్. ఎటు కదలాలో మొదటిది తేలుస్తుంది, ఎంత కదిలిందో రెండోది లెక్క చెబుతుంది. ఈ రెండు తరగతులను పేర్లు పెట్టి విడదీసినవాళ్లలో అమెరికన్ శాస్త్రవేత్త రిచర్డ్ టోల్మన్ ఒకడు, 1917లో. మన పరీక్షల్లో రెండు మార్కులకు పడిపోయింది ఆ విభజనే.

ఒక హద్దు మాత్రం చెప్పాలి. పదార్థం రెట్టింపైతే స్వేచ్ఛాశక్తి సరిగ్గా రెట్టింపవుతుందన్నది ఉపరితలాన్ని లెక్కచేయనంత పెద్ద వాటికే. నీటి బిందువు ఘనపరిమాణం రెట్టింపైతే ఉపరితలం 1.59 రెట్లే పెరుగుతుంది. ఉపరితలానికీ స్వేచ్ఛాశక్తిలో వాటా ఉంది కాబట్టి, అతి చిన్న బిందువుల్లో మోల్‌కు స్వేచ్ఛాశక్తి పెద్దవాటికంటే ఎక్కువ. అందుకే చిన్న బిందువులు ముందు ఆవిరవుతాయి. బీకరులో ఉన్న ద్రావణానికి ఈ బెంగ అక్కర్లేదు.

నేను నేర్చుకున్నది ఒక్కటే. ఎక్స్‌టెన్సివ్, ఇంటెన్సివ్ అన్నది జాబితా కాదు, లెక్క మొదలెట్టే ముందు వేసుకోవాల్సిన ప్రశ్న: సరుకు రెట్టింపు చేస్తే ఈ అంకె రెట్టింపవుతుందా? అవుతుందంటే కూడండి. కాదంటే, ముందు దాని తూకంతో గుణించి, అప్పుడు కూడి, మొత్తం తూకంతో భాగించండి.

తోటి అధ్యాపకులకు ఒక విన్నపం. ఈ ప్రశ్నను మొదటి సంవత్సరంలో రెండు మార్కులకు వదిలేయకుండా, రెండో సంవత్సరంలో ప్రతి పొటెన్షియల్ లెక్క ముందూ అడిగించండి. స్వేచ్ఛాశక్తి విలువ రాసినప్పుడల్లా పక్కన సమీకరణం రాయించండి. పత్రాలు దిద్దేటప్పుడు కీతో కలవని జవాబు కనిపిస్తే, కొట్టేసే ముందు పిల్లవాడు సమీకరణం ఎలా రాసుకున్నాడో ఒక్కసారి చూడండి.